ఒక్క పేజీ మించరాదు

అర్హతలు ఒక్క పేజీ మించరాదన్నారు.
నా థీసిస్ రెండువందల పద్నాలుగు పేజీలు.
హాస్టల్ మెస్సులో సాంబారు గిన్నె పక్కకు జరిపి
మొదటి వాక్యం రాశాను:
జి. మునికుమారి, భౌతికశాస్త్రం, టిన్ సల్ఫైడ్ పలుచటి పొరలు.
కొట్టేశాను.
శ్రీసిటీలో సెన్సర్లు చేసే కంపెనీకి
నా టిన్ సల్ఫైడ్‌తో ఏం పని?

సీనియర్ వాసుకి ఫోన్లో చెప్పింది:
"ఏం తెలుసో రాయొద్దు కుమారీ, ఏం చేయగలవో రాయి.
వాళ్ళకు కావలసింది క్రియలు."

సరే, క్రియలు.

వినగలను.
వాక్యూమ్ పంపు గొంతు మారితే
గేజి చూడక ముందే తెలుస్తుంది నాకు.
కరెంటు పోయి వచ్చి పోయే మే నెల మధ్యాహ్నాల్లో
దూదిని అసిటోన్‌లో తడిపి
ఒక్కో జాయింటుకూ తాకించి
ముల్లు ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని
పదకొండు రోజులు ఒక లీకు వెతికాను.
దొరికింది. ఆవగింజలో సగం కూడా లేదు.
పేపర్లో దాని ఊసే లేదు,
పీడనం ఇంత అని ఒక్క అంకె తప్ప.
ఆ అంకె లోపల ఉన్నాయి పదకొండు రోజులు.

అడగగలను.
పంపును ఆటోలో కాళ్ళ మధ్య ఇరికించుకుని
రేణిగుంట రోడ్డులో ఖాజామొహిద్దీన్ షెడ్డుకు పోయాను.
బోరు మోటార్లు బాగుచేసే మనిషి.
"ఇది యేం పీలుస్తాదిమ్మా, నీళ్ళా?"
"గాలి."
"పీల్చి యాడ పోస్తారు?"
"యాడా పొయ్యం. లోపల ఏమీ లేకుండా చేస్తాం."
చాలాసేపు నవ్వి, మూడొందలు తీసుకున్నాడు.
బిల్లు లేదు. కాబట్టి ఆ మూడొందలు నావే.

నైట్రోజన్ ప్లాంటు చెడిపోయిన ఏడాది
చిత్తూరు పశువుల ఆసుపత్రిలో
ఆబోతుల వీర్యం దాచే క్యాన్‌లోంచి
కాంపౌండరు వరదరాజులు మూడు లీటర్లు వంచి ఇచ్చాడు.
మూత బిగించకూడదు, బిగిస్తే పేలుతుంది.
కిటికీ పక్కన కూర్చుని
పూతలపట్టు దాటి, చంద్రగిరి దాటి,
డెబ్బై ఏడు కెల్విన్లను
ఆర్టీసీ బస్సులో తిరుపతికి తెచ్చాను.
తెల్లటి పొగ చూసి కండక్టరు
"ఇడ్లీలామ్మా?" అన్నాడు.
దీన్ని సరఫరా నిర్వహణ అని రాయమంటుంది వాసుకి.

మిగిలిన దానికి క్రియ దొరకలేదు.
నలభై ఒక్క శాంపిళ్ళలో నలభై పాడయ్యాయి.
ఒకే ఒకటి, వాయుగుండం పట్టిన నవంబరు రాత్రి,
లెక్కకు మించి బాగా వచ్చింది.
సారు అందరికీ మైసూర్‌పాక్ పెట్టారు.
నాకు నోట్లో తియ్యగా లేదు.
నాలుగు నెలలు పట్టింది,
అది నా చేతి పనితనం కాదని,
గదిలో తేమ అని తేల్చడానికి.
గ్రాఫు ముందు పెడితే
సారు కిటికీలోంచి కొండ వైపు చూసి
"ఇంగ పేపరు మళ్ళీ రాద్దాంలే" అన్నారు.
దీన్ని ఏ గడిలో నింపాలి?

పేజీలో పట్టినవి పంపాను.

ఇంటర్వ్యూలో ఆయన కాగితం బోర్లా పెట్టి ఒకటే అడిగాడు:
"మధ్యాహ్నం మూడు దాటితే
వెయ్యికి తొమ్మిది సెన్సర్లు చెడిపోతున్నాయి.
ఎక్కడ మొదలుపెడతారు?"
నేర్చుకుని పోయిన జవాబులన్నీ మరిచిపోయాను.
"మూడింటికి ఏం మారుతుందండీ?
షిఫ్టా, ఎండా, ఏసీనా?
ముందు నన్ను ఆ యంత్రం పక్కన నిలబడనివ్వండి."
ఆయన ఏదో రాసుకున్నాడు.
తలకిందులుగా చదవడం నాకు రాదు.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మెయిలు లేదు.
ఫెలోషిప్ ఆగి ఎనిమిది నెలలు.
రాత్రి తొమ్మిదింటికి జూనియర్ చెంగల్రాయుడి ఫోను:
"అక్కా, పంపు ఎట్లనో మూలుగుతాండాది."
ఫోను దాని దగ్గర పెట్టమన్నాను. విన్నాను.
"మూడో జాయింటు, కింది వైపు."
కాసేపటికి మళ్ళీ అతనే:
"మూడోది కాదక్కా."

చెప్పులు వేసుకున్నాను.